బాకీ తీర్చడం, దానం చెయ్యడం

ప్రభుత్వ బడికి బయటివాళ్లు సాయం చెయ్యడం మంచిదేనా అని అడిగితే కాదనేవారు అరుదు. కూలిన గోడ కట్టించినవాణ్ణి, పిల్లలకు బల్లలు తెచ్చిచ్చినవాణ్ణి తప్పు పట్టడానికి ఎవరికి నోరొస్తుంది? అయినా ఈ సాయం వెనక ఒక చిక్కు ప్రశ్న ఉంది. పిల్లవాడికి హక్కుగా రావలసినది దాత చేతి మీదుగా వస్తే అది హక్కుగానే మిగులుతుందా, దయగా మారుతుందా?

సిరోంచ వంటి చోట ఈ ప్రశ్నకు పదునెక్కువ. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, కాళేశ్వరానికి ఎదుటి ఒడ్డున ఉన్న తాలూకా ఇది. ఎక్కువ ఇళ్లలో మాట తెలుగు, ఆఫీసు మాట మరాఠీ, అడవి పల్లెల్లో గోండీ, మాడియా. 1860లో నిజాం చేతినుంచి బ్రిటిషువారికి వచ్చి, ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమై, 1874లో చాందా జిల్లాలో కలిసి, 1956లో బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి, 1982లో కొత్త గడ్చిరోలి జిల్లాలోకి చేరింది. ఇన్నిసార్లు పటం మారినా ఊరు కదల్లేదు, ఇంటి మాట పోలేదు. మన పిల్లల చదువుకు జవాబుదారీ ఎవరన్నదే మారుతూ వచ్చింది.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతోంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కని చెప్పిన 2009 నాటి చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంటే బడి అనేది ప్రభుత్వం మన పిల్లలకు పడ్డ బాకీ. బాకీ తీర్చినవాడికి ఎవరూ దండ వెయ్యరు, దానమిచ్చినవాడికి వేస్తారు. ఒకరి బాకీని మరొకరు దానంగా తీర్చినప్పుడు దండ దాత మెడలో పడుతుంది, బాకీదారు చల్లగా తప్పుకుంటాడు.

ఊరే బడిని పోషించుకోవడం మనకు కొత్త కాదు. వీధిబడి పంతులుకు ఊరివాళ్లు గింజలు కొలిచేవారు. ఆ రోజులు తలుచుకుని మురిసేవాళ్లు ఒక సంగతి మరచిపోతారు. గింజలు కొలిచిన ఇళ్ల పిల్లలే అక్కడ కూర్చున్నారు. ఆడపిల్లలూ, ఊరి చివర ఉంచబడ్డవాళ్ల పిల్లలూ ఆ గడప తొక్కడం అరుదు. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే ఎత్తిచూపిన అన్యాయం కూడా ఈ కోవలోదే. పన్ను కట్టేది రైతు, దానితో చదివేది పైవర్ణాలవారు అని చెప్పి, ప్రాథమిక విద్యను నిర్బంధం చెయ్యాలని కోరాడాయన. ఇచ్చినవాడి మాట చెల్లే బడి కాదు, ఇవ్వలేనివాడి బిడ్డకూ తలుపు తెరిచే బడి కావాలి. సర్కారు బడికి ఉన్న నీతి ఇదే.

2023 సెప్టెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వం బడుల దత్తత పథకం ప్రకటించింది. గ్రామీణ బడిని ఐదేళ్లకు దత్తత తీసుకోవాలంటే 50 లక్షలు, పదేళ్లకు కోటి. దాత కోరిన పేరును బడి పేరుకు జోడించవచ్చునన్నారు. 2022లో తెలంగాణ 26,065 బడుల కోసం 7,289 కోట్లతో 'మన ఊరు – మన బడి' తలపెట్టినప్పుడూ దాతలను ఆహ్వానించింది. 'దత్తత' అన్న మాట గమనించండి. అమ్మానాన్నలు లేని బిడ్డనో, పెంచలేక ఇచ్చిన బిడ్డనో దత్తత తీసుకుంటారు. సర్కారు బడి ఈ రెంటిలో ఏది?

ఈ జిల్లాలోనే సూర్జాగఢ్ కొండల్లో ఇనుపరాయి తవ్వుతున్నారు. కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చెయ్యాలని 2013 నాటి చట్టం. కొండను తీసుకున్న చెయ్యి బడికి ఇస్తే పుచ్చుకోవచ్చు. కానీ ఆ కొండ ఏమైందని ఆ బడి పిల్లవాడు అడగగలిగినప్పుడే అది చదువుకు జరిగిన సాయం.

ఇదే జిల్లాలో మరో రెండు దారులున్నాయి. 1973లో బాబా ఆమ్టే భామ్రాగఢ్ అడవుల్లో, హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్పం మొదలుపెట్టారు. 1976లో అక్కడ మాడియా పిల్లలకు బడి వచ్చింది. ప్రకాశ్, మందాకినీ ఆమ్టే దంపతులు అక్కడే కాపురం ఉన్నారు. వాళ్లిచ్చింది డబ్బు కాదు, బతుకు. రెండోది ధానోరా తాలూకా మోహగావ్. 2019లో ఆ గ్రామసభ తన పిల్లలకు గోండీ మాధ్యమంలో బడి పెట్టుకుంది. గుర్తింపు లేదంటూ 2022లో విద్యాశాఖ నోటీసిచ్చింది. చట్టానికి దాని కారణాలు ఉండవచ్చు. అయినా ఒక సంగతి మనసుకు తగులుతుంది. డబ్బుతో వచ్చినవాడికి బడి పేరులో చోటు దొరుకుతుంది, భాషతో వచ్చిన ఊరికి నోటీసు దొరుకుతుంది.

"ఇవన్నీ తేలేదాకా వానకు కారే కప్పు కింద పిల్లలు కూర్చోవాలా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. వద్దు, కప్పు ఈరోజే వెయ్యాలి. కానీ కప్పు వేసిన రోజే, ఇది ఎవరు వెయ్యవలసిందో, ఎందుకు వెయ్యలేదో రాసిన కాగితం జిల్లా పరిషత్తుకు చేరాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడం మానేసి ఇచ్చే సాయం పిల్లల కడుపు ఒకపూట నింపి, రేపటి కూడు పోగొడుతుంది.

కాబట్టి సాయాన్ని తూచడానికి మూడు రాళ్లు చాలు. దాత వెళ్లిపోయాక ప్రభుత్వం బాధ్యత పెరిగిందా, తరిగిందా? నిర్ణయం ఎవరిది? చట్టప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వాళ్లు కూర్చుని మాట్లాడిన తరువాతే సాయం గుమ్మం దాటాలి. మూడోది, అది వాగు అవతలి బడికీ చేరుతుందా, రోడ్డు పక్కన ఫొటోకు అందే బడితో ఆగిపోతుందా?

సరిహద్దు తెలుగువాళ్లం మనం ఇవ్వగలిగిందీ ఉంది. బడి అయ్యాక ఒక గంట తెలుగు అక్షరాలు దిద్దించవచ్చు, కథల పుస్తకాలు పంచవచ్చు, కమిటీ సమావేశంలో మరాఠీ కాగితాన్ని ఆ తల్లికి తెలుగులో చదివి చెప్పవచ్చు. ఇందుకు కోటి రూపాయలక్కర్లేదు, గోడ మీద పేరూ అక్కర్లేదు. తనకు రావలసినదేమిటో తెలిసిన తల్లి ఒక్కతె ఆ కమిటీలో నోరు తెరిచి అడిగితే, ఆ బడికి అంతకు మించిన పోషకుడు లేడు.