ప్రతిజ్ఞయు చికిత్సయు



మత్తుపదార్థములకు లోఁబడినవానిఁ జూచినప్పుడు మనము సాధారణముగా రెండే పనులు చేయుదుము: నీతి బోధింతుము, లేదా ప్రమాణము చేయింతుము. మేమును అట్లు చేసినవారమే. దాని ఫలమును మీ యెదుట ఒప్పుకొనుటకే యీ ప్రసంగము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆళ్లగడ్డనుండి యొక తల్లి వ్యాజ్యముపనిమీఁద నంద్యాలలోని మా యింటికి వచ్చి, ఆ మాట విడిచి కుమారునిఁగూర్చి యేడ్చెను. అతఁడు చదువుకొన్నవాఁడు. నిద్రపట్టదని మొదలుపెట్టిన మాత్రలను ఏండ్లతరబడి హెచ్చించి మ్రింగుచుండెను. మేము అతనిఁ బిలిపించి, దైవసాక్షిగా ఆ క్షణమునుండియే మానెదనని పలికించి, మాత్రలన్నియు పాఱవేయించితిమి. "అమ్మా, మూడు దినములు గదిలో నుంచి తాళము వేయుము, దుర్బుద్ధి దిగిపోవును" అని తల్లికిఁ జెప్పితిమి. మూడవ రాత్రి అతనికి మూర్ఛలు వచ్చినవి. చీఁకటిలో సుమారు 40 కిలోమీటర్ల దారి నంద్యాల ఆసుపత్రికిఁ దెచ్చిరి. వైద్యుఁడు అడిగినది యొక్కటే: "ఒక్కసారిగా ఎవరు మాన్పించిరి?" న్యాయస్థానములో మాటకు వెదకుకొనని మేము నాఁడు నోరు తెఱవలేకపోతిమి.

అతఁడు ప్రమాణము తప్పలేదు. దానిని నిలుపుకొన్నందుననే ప్రాణాపాయము వచ్చినది.

మెదడును అణఁచు ద్రవ్యము దినదినమును లోనికిఁ బోవుచుండఁగా, మెదడు దానికెదురుగా తన వేగమును పెంచుకొని సరితూఁగుచుండును. అడ్డు తటాలునఁ దొలఁగిన వేగమే మిగులును: వణకు, భ్రాంతి, మూర్ఛ. సారాయి, నిద్రమాత్రలు మానినవారికి ఈ దశ ప్రాణాంతకము కావచ్చును. అందుచేతనే వైద్యులు మాత్రలను వారములకొలఁది, ఒక్కొక్కప్పుడు నెలలకొలఁది, మెల్లమెల్లగాఁ దగ్గింతురు. నల్లమందుజాతి వేఱు. హెరాయిన్ మానిన కొన్ని గంటలకే బాధ మొదలై, రెండు మూడు దినములలో ముదిరి, వారమునకుఁ దగ్గును. అది సాధారణముగాఁ జంపదు. బ్యుప్రెనార్ఫిన్ వంటి మందు దానిని ఓర్వఁదగినదిగాఁ జేయును. అసలు గండము తరువాతిది. శరీరము పాత ఓర్పును గోల్పోయియుండఁగా మరల పూర్వపు మోతాదు తీసికొన్నచో ఊపిరి నిలిచిపోవును.

ఇది మా యొక్కరి పొరపాటైనచోఁ జెప్పకపోయెడివారమేమో. 2020 మార్చిలో లాక్‌డౌన్‌చేఁ గల్లు దుకాణములు మూఁతపడఁగా, తెలంగాణములో అనేకులు వణకుచు, ఉన్మాదావస్థలో హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలకుఁ జేరిరి. వారు కల్లు మాత్రమే యనుకొని త్రాగినదానిలో పలుచోట్ల ఆల్ప్రాజోలం కలుపఁబడుచుండెను. ఏమి మానుచున్నారో వారికే తెలియదు!

మా వృత్తినిబట్టి యొక మాట. పోలీసుల భయముచే రోగిని దాఁచు కుటుంబములు కలవు. 1985 నాఁటి మాదకద్రవ్యముల చట్టములోని 64-ఏ సెక్షనును వారు వినవలెను. సేవించిన నేరమునకో, స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరమునకో గుఱియైన వ్యసనపరుఁడు, ప్రభుత్వము నడుపు లేక గుర్తించిన సంస్థలో తానై చికిత్స కోరి పొందినచో, అభియోగమునుండి రక్షణ గలదు. చికిత్సను నడుమ విడిచినచో ఆ రక్షణ తొలఁగవచ్చును. సాయంకాలము క్లబ్బులో గ్లాసు పట్టుకొని పరుల వ్యసనమును ఖండించు పెద్దమనుష్యులు ఏ సెక్షను క్రిందికి వత్తురో మాకుఁ దెలియదు.

అయినచోఁ బ్రార్థన వ్యర్థమా యని మీరడుగవచ్చును. కాదు. శరీరమును నిర్మించిన పరమేశ్వరుఁడే దాని నియమములను నిర్మించెను. వానిని ఎఱిఁగినవానిని ద్రోసిపుచ్చి అద్భుతమును గోరుట భక్తి కాదు, ఆయనను బరీక్షించుట. మేము నాఁడు చేసినది అదియే. ఆసుపత్రిలో విషము దిగుట మొదటి మెట్టు మాత్రమే. కోరిక, సిగ్గు, పాత స్నేహములు వాకిటనే కాచుకొనియుండును. ప్రార్థనకును మన సహవాసమునకును పని అక్కడ మిక్కుటము.

ఆ యువకుని మందు నెలలు పట్టి తగ్గినది. అతఁడు రెండుమాఱులు జాఱెను. రెండవమాఱు తల్లికిఁ దెలియకమునుపే, తెల్లవాఱు బస్సెక్కి, తానే నంద్యాల ఆసుపత్రికి వచ్చి బల్లమీఁదఁ గూర్చుండెను. ఆ యింటి గదికి అప్పటికిఁ దాళము లేదు.