ముదిమిలో మొదటి పాఠము



మీ సంఘములో ఎవరైనను ఒక పని అప్పగింపబడినప్పుడు "నాకు రాదండీ, నేను తగినవాడను కాను" అని వెనుకకు తగ్గినయెడల దానిని మీరు వినయమందురా? నేను చాలకాలము అట్లే తలంచితిని. ఒక హార్మోనియము పెట్టె నా తలంపును మార్చినది.

మాది గోదావరి ఒడ్డున లక్షెట్టిపేట ప్రాంతము. 2016 వరకు ఇది ఆదిలాబాదు జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. మా గుడిలో హార్మోనియము వాయించు సహోదరుడు బ్రతుకుతెరువు కొరకు భార్యాబిడ్డలను ఊరిలోనే విడిచి కరీంనగరము వెళ్లెను. పెట్టెమీద గుడ్డ కప్పి మూలన పెట్టితిమి. కొన్నాళ్లకు పెద్దలు నన్ను నేర్చుకొమ్మని అడిగిరి. నేను అరువదియొక్క యేండ్లవాడను, బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. "ఈ వయస్సులో నాకేమి వచ్చును?" అంటిని. అందరు నా తగ్గింపును మెచ్చుకొనిరి. నిజము చెప్పవలెనంటే నేను కూడ మెచ్చుకొంటిని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా భయము పెట్టెను గూర్చినది కాదు. ఊరిలో మెట్లు తెలిసినది ఇంకొకతె మాత్రమే, ఆ సహోదరుని కూతురు. ఆరవ తరగతి చదువుచున్నది. దాని తండ్రికి అక్షరములు దిద్దించినది నేనే. ఆ పిల్ల యెదుట చాపమీద కూర్చుండి "సరిగా చెప్పమ్మా" అని నేను అడుగుటా? నా వినయమునకు అడుగున ఉన్నది ఇది.

అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో అపొల్లోను గూర్చి చదివియుందురు. వాక్చాతుర్యము గలవాడు, లేఖనములలో ఆరితేరినవాడు, సమాజమందిరములో ధైర్యముగా మాటలాడుచున్నవాడు. అట్టివానిని డేరాలు కుట్టుకొని బ్రదుకు అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు చేర్చుకొని, అతనికి తెలియనిది మరింత పూర్తిగా నేర్పిరి. ఏమియు రానివాడు నేర్చుకొనుట సులభమే. పదిమందిచేత పండితుడనిపించుకొన్నవాడు నేర్చుకొనుట కష్టము. అతడు ఎదురు చెప్పినట్టు అక్కడ ఒక్క మాటయు లేదు.

మరునాడు సాయంకాలము వెళ్లితిని.

పియానో అయినను హార్మోనియమైనను మెట్ల వరుస ఒకటే. ఏడు తెల్లవి, అయిదు నల్లవి, మరల అవే. దొరల దేశపు పెట్టెకు తిత్తి కాళ్లతో త్రొక్కవలెను. 1875 ప్రాంతమున కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అను నాయన దానిని నేలమీద కూర్చుండి వాయించునట్లు మార్చెను. అందుచేత మన ఎడమచేయి తిత్తికి పోవును, పాట అంతయు కుడిచేతి పాలు. అయితే దీని స్వరములు బిగించినవి, గొంతువలె ఒకదానినుండి ఇంకొకదానికి జారలేవు. అందుకే ఆకాశవాణివారు 1940లో హార్మోనియమును నిషేధించి, 1971లో గాని సడలించలేదు. మన కీర్తనల పుస్తకములో పాటలపైన రాగము, తాళము అచ్చువేసియుండును గదా. నలువది యేండ్లుగా ఆ మాటలను దాటి పల్లవికి పోయితిని. ఇప్పుడు వాటియొద్ద ఆగుచున్నాను.

"గంత గట్టిగ ఒత్తకు తాతా, మెల్లగ పెడితే అదే పలుకుతది" అనెను పిల్ల. నాలుగవ వ్రేలు నా మాట వినదు. తిత్తి జ్ఞాపకమున్నప్పుడు మెట్టు తప్పుచున్నాను, మెట్టు జ్ఞాపకమున్నప్పుడు తిత్తి ఆగుచున్నది. ఏడుమారులు అదే తప్పు చేసితిని, అది ఏడుమారులు విసుగులేక చెప్పెను. ఎనిమిదవమారు నాకు ఒక కుఱ్ఱవాడు జ్ఞాపకము వచ్చెను. వానికి ఎక్కములు రాకపోయెను. "నీ బుఱ్ఱకు ఎక్కదు, పోయి గొడ్లు కాచుకో" అని అందరి యెదుట అంటిని. వాడు మరల బడికి రాలేదు. ఆలస్యమనగా సోమరితనమే అని నా వ్రేళ్లు నాకు ఎదురు తిరుగువరకు నేను నమ్మితిని.

ఇంకను ఆదివారము ఆరాధనలో వాయింపలేదు. దేవుడు హృదయమును చూచును గనుక ఎట్లు వాయించినను చెల్లునని కొందరందురు. నేను ఒప్పుకొనను. 33వ కీర్తన నేర్పుగా వాయించుమనుచున్నది. నా అభ్యాసము కొరకు సంఘము చెవులు మూసికొననేల? తప్పులు చేయుటకు శనివారపు సాయంకాలము ఉన్నది.

ఆ కుఱ్ఱవాడు నేడు నలువదియేండ్ల మనిషి, ట్రాక్టరు నడుపును, గుడిలో వెనుక వరుసలో కూర్చుండును. మొన్న వాని ఇంటికి వెళ్లి "ఆనాడు తప్పు నాది" అంటిని. వాడు చేతుల నూనె తుడుచుకొనుచు చాలసేపు ఊరకుండెను.

"గిప్పుడెందుకు సారూ గా ముచ్చట" అనెను. ఇంకొంతసేపటికి, నా ముఖము చూడకయే, "పాట ఎక్కడి దాక వచ్చింది?" అని అడిగెను.

"పల్లవి దాకనే" అంటిని.