గర్భంలోని గుండెను చూడవచ్చునా?

నారాయణగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ దాకా నడిస్తే కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య స్కానింగ్ సెంటర్ల బోర్డులు కూడా కనబడుతుంటాయి. అలాంటి ఒక సెంటర్ బయట బెంచీ మీద కూర్చున్న సోదరుడొకరు ఈ వ్యాసకర్తను ఆపి ఒక మాట అడిగారు. ఆయన భార్యకు అయిదో నెల. కడుపులోని బిడ్డ గుండెను ప్రత్యేకంగా చూడాలని డాక్టరమ్మ ‘ఫీటల్ ఎకో’ రాసింది. “భాయ్‌సాబ్! గర్భాల్లో ఏముందో అల్లాహ్‌కే తెలుసు కదా, మనం తొంగి చూడటం తగునా? ఒకవేళ చూశాక లోపముందని తేలితే ఏం చేయాలి?”

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది తేలిక, రెండోది కాదు.

గర్భాల్లోని సంగతి అల్లాహ్‌కు తెలుసని లుఖ్మాన్ సూరా చివరి ఆయతు తెలుపుతోంది. అదే ఆయతులో వర్షం ప్రస్తావన కూడా ఉంది. మబ్బును చూసి వాన వస్తుందన్నవాడు అగోచర జ్ఞానం కలవాడైపోడు. స్కానింగ్ యంత్రం మన చెవికి వినబడని ధ్వని తరంగాలను లోపలికి పంపుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బొమ్మగా చూపుతుంది. అంతే. ఒక్కోసారి పొరబడుతుంది కూడా. ఆ బిడ్డ ఆయుష్షు ఎంత, ఉపాధి ఎంత, రేపు ఎలాంటి మనిషవుతాడు అన్నవి ఏ తెర మీదా కనబడవు. వైద్యం చేయించుకోమన్నదీ, ముందు ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నదీ దైవప్రవక్త (స) గారే. కాబట్టి చూడటం తప్పు కాదు. ఆడపిల్లో మగపిల్లాడో తెలుసుకోవడానికి చూడటం మాత్రం వేరు సంగతి. 1994 నాటి చట్టం దాన్ని నేరంగా పరిగణిస్తుంది. ఆడశిశువులను సజీవంగా పూడ్చిపెట్టిన అజ్ఞానకాలపు అరబ్బుల సంగతి ఎరిగిన మనకు ఆ మాట గోడమీది బోర్డు చూసి నేర్చుకోవలసిన అగత్యం ఉండరాదు.

ఇక రెండో ప్రశ్న. పిండం ఏర్పడిన దాదాపు 22వ రోజుకే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. కానీ దాని నాలుగు గదులూ, రక్తనాళాలూ స్పష్టంగా కనబడాలంటే 18 నుంచి 24 వారాల మధ్య చూడాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. నలభై రోజుల చొప్పున మూడు దశలు గడిచాక పిండంలో ఆత్మ ఊదబడుతుందని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు ద్వారా తెలుస్తోంది. అంటే 120 రోజులు. డాక్టర్లు వారాలను చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తారు. పిండం ఏర్పడేది సుమారు రెండు వారాల తర్వాత. కనుక షరీఅత్ చెప్పే 120 రోజులు డాక్టరు లెక్కలో సుమారు 19 వారాలవుతుంది. గుండె పరీక్ష రిపోర్టు చేతికొచ్చేసరికి ఆ గడువు ముగియవస్తుంది, లేదా ముగిసిపోయి ఉంటుంది.

1990లో మక్కాలోని రాబితా ఫిఖ్హ్ అకాడమీ ఈ విషయమై తీర్మానం చేసింది. 120 రోజుల లోపు, చికిత్సకు లొంగని తీవ్రమైన లోపమని నమ్మదగిన నిపుణుల బృందం నిర్ధారిస్తే, తల్లిదండ్రులు కోరితే గర్భస్రావానికి అనుమతి ఉంది. ఆ తర్వాత తల్లి ప్రాణానికి ముప్పుంటే తప్ప, లోపం ఉందన్న కారణంగా అనుమతి లేదు. 120 రోజుల లోపు కూడా ఒప్పుకోని విద్వాంసులున్నారు. మన దేశ చట్టమైతే 2021 సవరణ తర్వాత, తీవ్ర లోపముందని మెడికల్ బోర్డు తేలిస్తే వారాల పరిమితి పెట్టలేదు. అంతకుముందు, 2008లో, బిడ్డ గుండెలో తీవ్ర లోపం బయటపడిన ఒక తల్లి 24 వారాలు దాటాక ముంబాయి హైకోర్టుకు వెళ్ళింది. కోర్టు కాదన్నది. కొద్ది రోజులకే ఆ గర్భం దానంతటదే పోయింది. దాన్ని ఎవరూ తమ వాదానికి గెలుపుగా చెప్పుకోరాదు. ఆమె సుఖం కోసం అడగలేదు. బిడ్డ బాధ పడుతుందని భయపడి అడిగింది.

తీసేయడానికి వీల్లేనప్పుడు చూసి ప్రయోజనమేమిటని కొందరంటారు. ఈ మాట అనేవారు గుండె సంగతి ఎరుగరు. కడుపులో ఉన్నంత కాలం బిడ్డ ఊపిరితిత్తులకు పని ఉండదు. ప్రాణవాయువు మాయ ద్వారా తల్లి నుంచే అందుతుంది. అందుకే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని స్థానంలో ఒకటి తారుమారుగా ఉన్న బిడ్డ కూడా లోపల క్షేమంగా పెరుగుతుంది. ప్రమాదమంతా పుట్టిన తర్వాతే. ఆ సంగతి ముందే తెలిస్తే పిల్లల గుండె ఆపరేషన్ చేసే ఆసుపత్రిలోనే కాన్పు చేయించవచ్చు. పుట్టగానే మూసుకుపోవలసిన నాళాన్ని మందుతో తెరిచి ఉంచి, ఆపరేషన్ దాకా బిడ్డను నిలబెట్టవచ్చు. ఏమీ తెలియకుండా ఏ చిన్న నర్సింగ్ హోమ్‌లోనో పుడితే ఆ కొన్ని గంటలే ప్రాణం మీదికి తెస్తాయి. గుండె మరీ వేగంగా కొట్టుకునే బిడ్డకు తల్లికిచ్చే మందుతోనే నయం చేయవచ్చు. 2023లో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు ద్రాక్షపండంత ఉన్న గర్భస్థ శిశువు గుండెలోకి తల్లి పొట్టమీదుగా సూది పంపి, మూసుకున్న కవాటాన్ని బెలూన్‌తో తెరిచారు. ఖర్చుకు జంకేవారికి మన రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద పిల్లల గుండె ఆపరేషన్లూ ఉన్నాయి. ప్రతి వెయ్యి జననాల్లో సుమారు ఎనిమిది మంది పిల్లల గుండెల్లో ఏదో ఒక లోపం ఉంటుందంటే ఇది ఎవరి ఇంటి తలుపైనా తట్టే విషయమే.

ఎంత చేసినా దక్కని బిడ్డలూ ఉంటారు. ఆ మాట దాచడం న్యాయం కాదు.

అంతా విన్నాక ఆ సోదరుడు ఇంకొకటి అడిగారు. రిపోర్టు ఎలా వచ్చినా కోడలికి చెప్పొద్దని అమ్మీ ఫోన్ చేసిందట. ఆ పెద్దావిడది ప్రేమే, కాదనలేం. కానీ బలహీనత మీద బలహీనత భరిస్తూ మోస్తున్నది ఆ తల్లి. తన కడుపులోని గుండె సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఆమెకు మాత్రమే తెలియకపోవడం ఏ విధంగా దయ అవుతుంది? రేపు హఠాత్తుగా తెలిస్తే ఆమె ఇక ఎవరి మాట నమ్ముతుంది? దుఆ చేయడానికైనా ఆమెకు విషయం తెలియాలి కదా! ఈ మాటే ఆయనతో అన్నాను.

ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. లోపలి నుంచి పేరు పిలిచారు. అమ్మీకి ఫోన్ చేసి, తామిద్దరం కలిసే లోపలికి వెళ్తున్నామని చెప్పి లేచారు.