లోకోపకారము – గృహఋణము

లోకమునకు మేలు చేసినవానికి ఇంటి ఋణము తీఱినట్లేనా? ఈ ప్రశ్న మన యిండ్లలో పలువురి మనస్సులలో మెదలుచున్నను నోటికి రాదు. వచ్చినచో మహనీయులను తూలనాడినట్లగునని వెఱపు. మేమా వెఱపును ప్రక్కకు ద్రోసి, మన గోదావరీమండలమున పుట్టిన యొక మహనీయుని విషయముననే దీనిని విచారింపదలచితిమి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, చెన్నపట్టణమున వైద్యవిద్య నభ్యసించిరి. సోదరు లిద్దఱు కొలది దినముల యెడముతో సంగ్రహణివ్యాధిచే గతించుట ఆయన మనస్సున శల్యమై నిలిచినది. 1923లో అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరిరి. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. చేతికి మట్టి యంటని యుద్యోగమే విద్యకు ఫలమని తలచువారు ఈ వాక్యమును మఱియొకమాఱు చదువుదురుగాక!

అచ్చట ఫిస్కే పండితునితో గూడి ఆయన కనుగొన్నది సామాన్యము కాదు. గాదెలోని ధాన్యము నేరుగా విస్తరిలోనికి రానట్లే, మనము తిన్న యన్నము నేరుగా కండకు బలము కాజాలదు. దానిలోని శక్తి భాస్వరముతో గూడిన యొక పదార్థమున చేరినగాని చేయి కదలదు, గుండె కొట్టుకొనదు. ఆ పదార్థమే ఏ.టి.పి. 1929లో వీరిరువురును దానిని కండరములనుండి వేఱుచేసిరి. అదే యేట జర్మనీలో లోమాను పండితుడును దానిని కనుగొనెను. ఏ.టి.పి. తఱిగినప్పుడు దానిని మరల నింపునదని పిమ్మట తేలిన ఫాస్ఫోక్రియాటినును 1927లోనే వీరు బయలుపఱచియుండిరి. మధుమేహమును, వార్ధక్యమున కండ కరగుటను పరిశోధించువారికి నేడును ఇదియే పునాది.

1940లో ఆయన లెడర్లే సంస్థకు మాఱిరి. 1945లో ఆయన బృందమువారు కృత్రిమముగా సిద్ధపఱచిన ఫోలిక్ ఆమ్లము, సోదరులను గొనిపోయిన సంగ్రహణికే మందైనది. 1947లో వెలువడిన హెట్రజాను మన డెల్టాలో నెన్ని యిండ్లనో పీడించిన బోదకాలు క్రిములకు మందు. 1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, ఆయన పరదేశముననే మరణించిరి.

ఇది మనము పిల్లలకు చెప్పు కథ. చెప్పని భాగము వేఱొకటి కలదు. 1919లో ఆయనను పెండ్లాడిన శేషగిరిగారి యొడిలో పుట్టిన కుమారుడు తండ్రి కన్నుల బడకయే పసితనమున గతించెను. పాతికేండ్లు గడచినను భర్త తిరిగి రాలేదు. ఆమె నిరీక్షణము ఏ శాస్త్రపత్రికలోను అచ్చుపడలేదు.

ఆయనను నిందించుట మా యుద్దేశము కాదు. ఇంటనే యుండవలసినదని చెప్పుటకు ఆ మందులచే బ్రదికినవారిని తలచినచో నోరాడదు. అట్లని, అంతటి ఫలము కలిగినదిగాన ఋణము రద్దయినదనుటయు న్యాయముకాదు. 1923లో ఓడ యెక్కినప్పుడు ఆ ఫలము ఆయనకే తెలియదు. ఫలమే సమర్థనమైనచో, అట్లే యిల్లు విడిచి జీవితమంతయు పరిశోధించియు ఏమియు కనుగొనలేని వందలమంది దోషులు కావలసివచ్చును. అది యెంత యసంగతము! మా తలంపున ఆ ఋణము రద్దుకాదు, చేతులు మాఱును. మేలు పొందినవారందఱును దానికి బాధ్యులు. ఒక యాడుదానిచే దానిని మౌనముగా తీర్పించి దానికి త్యాగమని పేరిడుట మాత్రము మనకు చిరకాలాభ్యాసము.

ఇది గడచినకాలపు మాట కాదు. 2005లో మన గోదావరీప్రాంతపు పల్లెలు ఇరువదింట 30 ఏండ్లు దాటినవారిని పరిశోధకులు పరీక్షింపగా, నూటికి సుమారు 13 మందికి మధుమేహమున్నట్లు తేలెను. వారిలో దాదాపు సగముమందికి ఆ సంగతియే తెలియదు. కాలువ నిండుగా పాఱుచున్నను తూము తెఱువనిచో చేను బీటలువారును. అట్లే రక్తమున చక్కెర నిండియున్నను, ఇన్సులిను చాలకయో పనిచేయకయో, కణములు ఆకలిగొనుటయే యీ వ్యాధి. ఇట్టి రోగులలో కొందఱి బిడ్డలు విదేశములందు ఈ వ్యాధులనే పరిశోధించుచున్నారు.

పాలకొల్లు ప్రాంతమున మే మెఱిగిన యొక వృద్ధురాలి చిన్నకుమారుడు అమెరికాలో నొక విశ్వవిద్యాలయమున వార్ధక్యమును గూర్చి పరిశోధించుచున్నాడు. ఆమెకు దినమునకు రెండు మాఱులు ఇన్సులిను సూది వేయవలెను. కుమారుని రమ్మని యేల వ్రాయరాదని మే మడిగితిమి.

"వాణ్ణి రమ్మని నేననను బాబూ. వాడి పని మంచిదే. వెళ్లేముందు నన్నొక్కమాట అడిగివుంటే బాగుండేది," అని యామె చెప్పెను.

ఆ మాట మమ్ము చాలదూరము వెంటాడెను. మేము మాటలాడుచున్నంతసేపును పెద్దకోడలు సూదిమందు చేతబట్టుకొని గడపకడ నిలిచియుండెను. ఆమె నెవరైన అడిగిరా యని ప్రశ్నించుట మాకును తోచలేదు.