కాంటా ఎటు మొగ్గాలి

మహాభారతం శాంతిపర్వంలో నాకు బాగా దగ్గరివాడు రాజు కాదు, రుషి కాదు. కాశీలో దుకాణం పెట్టుకున్న తులాధారుడు. జాజలి అనే తపస్వి కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపాయట. ఆ పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆయన కదల్లేదు. ఇక ధర్మంలో నన్ను మించినవాడు లేడని చంకలు గుద్దుకునేసరికి ఆకాశం నుంచి మాట వినిపించింది, కాశీలో సరుకులమ్ముకునే తులాధారుడికి నువ్వు సాటి రావని. ఉడుక్కుంటూ వెళ్లాడు. తులాధారుడు లేచి దండం పెట్టి, పిట్టల సంగతి తానే చెప్పి, తన ధర్మం ఏమిటో కూడా విప్పి చెప్పాడు. తన తక్కెడ ఎవరికైనా ఒకేలా నిలుస్తుంది. ఒకరి పనిని పొగడడు, తెగడడు. ఎవరికీ కీడు తలపెట్టడు.

నాదర్‌గుల్‌లో కిరాణం దుకాణం నడుపుకునే నాకు ఈ కథ ఎంత ధైర్యమో వేరే చెప్పాలా? పొద్దున్నే లక్ష్మీదేవి పటానికి అగరుబత్తి వెలిగించి, మొదటి బేరం డబ్బులు కళ్లకద్దుకుంటాను. ఫలానావాళ్లు బోణీ చేస్తే కలిసిరాదనే పట్టింపు మా వ్యాపారుల్లో ఉంది, నాకు లేదు. అయితే పురాణం చెప్పేవాళ్లు తులాధారుడి కథను తక్కెడ దగ్గరే ఆపేస్తారు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ గట్టి వాదమే జరిగింది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ తక్కెడ ధర్మానికి నాకు మొదటి పరీక్ష తెలంగాణ ఉద్యమంలో వచ్చింది. అప్పుడు మా దుకాణం కర్మన్‌ఘాట్‌లో ఉండేది. 2009 నవంబరు 29న ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు, డిసెంబరు 3న ప్రాణం విడిచాడు. నాది దేవరకొండ వైపు ఊరు. తెలంగాణ రావాలని నాకూ ఉంది. కానీ నా ఉద్దెర పుస్తకంలో సగం పేజీలు నల్లగొండ, పాలమూరు వాళ్లవైతే, తక్కిన సగం గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లవి. గల్లీ పిల్లలు ‘జై తెలంగాణ’ స్టిక్కర్లు పట్టుకొచ్చారు. స్కూటర్‌కు వేయించుకున్నాను, షట్టర్‌కు వద్దన్నాను.

“ఏం సేటూ, ఆంధ్రోళ్ల గిరాకీ పోతదని భయమా?” అన్నాడు ఒక పోరడు.

“భయమే బిడ్డా. గిరాకీ లేకుంటె ఇల్లెట్ల నడుస్తది?”

వాడు నవ్వి వెళ్లిపోయాడు, నాకే ఆ మాట మిగిలిపోయింది. నోరు మూసుకోవడం సమదృష్టా, లేక లాభం లెక్కా? బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. తేడా తెలిసేది సరుకు కరువైనప్పుడు. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. బందు రోజుల్లో పాల ప్యాకెట్లు వచ్చేవి కొన్నే. షట్టర్ సగం దించి, చంటిపిల్లలున్న ఇళ్లకు ముందు ఇచ్చేవాణ్ని. “మా మనవరాలికి ఒక్కటి ఉంచవయ్యా” అని గుంటూరు పెద్దావిడా వచ్చేది, స్టిక్కర్లు పంచిన పిల్లల తల్లులూ వచ్చేవాళ్లు. దీన్ని త్యాగమని నేననుకోను. డబ్బులు అందరూ ఇచ్చారు. కానీ నేను ఎవరి పక్కన ఉన్నానో నా షట్టర్ చెప్పకపోయినా ఆ పాల ప్యాకెట్లు చెప్పాయి.

పెద్ద కంపెనీలకు ఈ వెసులుబాటు లేదు. వాటికి స్కూటర్ వేరూ షట్టర్ వేరూ ఉండవు. 2019 హోలీకి ముందు సర్ఫ్ ఎక్సెల్ ఒక ప్రకటన వేసింది. రంగులన్నీ తన మీద పోయించుకుని, తెల్లబట్టలు మాయకుండా ఒక ముస్లిం పిల్లవాణ్ని మసీదు దాకా దింపుతుంది ఒక హిందూ పిల్ల. అంతే, ఆ పొడి కొనొద్దని దేశమంతా గోల. కోపం ఎంత గుడ్డిదంటే కొందరు ఫోన్లో లెక్కల పట్టికలు వేసుకునే మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌కు పోయి ఒక్క చుక్క రేటింగు ఇచ్చి వచ్చారు. మా దుకాణంలోనూ ఒకాయన సర్ఫ్ ఎక్సెల్ ప్యాకెట్ వెనక్కి నెట్టి రిన్ ఇమ్మన్నాడు. ఇచ్చాను. రెండూ హిందుస్థాన్ యూనిలీవర్ సరుకేనని ప్యాకెట్ వెనక రాసే ఉంటుంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మరుసటేడు, 2020 అక్టోబరులో తనిష్క్ వంతు. ముస్లిం ఇంట్లో హిందూ కోడలికి సీమంతం చేస్తున్నట్టు తీసిన నగల ప్రకటన. గొడవ ముదరగానే దాన్ని వెనక్కి తీసుకుంటూ, మా సిబ్బంది క్షేమం కోసమని కూడా చెప్పారు. ఆ మాట నిజమే. ప్రకటన తీసినవాళ్లు బొంబాయిలోనో బెంగళూరులోనో ఉంటారు, జనం వచ్చి నిలదీసేది షోరూములో నగలు చూపించే పిల్లను. 2024 మార్చిలో జొమాటో శాకాహారం తెచ్చేవాళ్లకు విడిగా ఆకుపచ్చ చొక్కాలన్నప్పుడూ ఇంతే. ఎర్రచొక్కా వేసుకున్నవాణ్ని అపార్టుమెంటు గేటు దగ్గరే ఆపేస్తారన్న మాట వచ్చి, మర్నాటికల్లా అందరికీ మళ్లీ ఎరుపే అన్నారు. అలాగని కంపెనీలు మాట్లాడొద్దని నేననను. మాట్లాడితే వచ్చే నష్టం యజమాని గల్లాలోంచి పోవాలి. నెలజీతం పిల్లల వీపు మీద పడకూడదు. అంత తెగువ లేకపోతే సబ్బు గురించీ బంగారం గురించీ చెప్పుకుంటే చాలు.

ఇక అసలు నోరే విప్పని దుకాణం సంగతి. దేశం రెండు ముక్కలైనప్పుడు అన్నీ వదిలేసి సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో మొజంజాహి మార్కెట్‌లో బేకరీ పెట్టి, దానికి కరాచీ పేరు పెట్టుకున్నారు. ఆ ఫ్రూట్ బిస్కట్ల డబ్బా పట్టుకోకుండా ఊరికి బయలుదేరే హైదరాబాదీలు తక్కువ. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు ఇందిరానగర్ శాఖ మీదికి కొందరు వస్తే, కరాచీ అన్న అక్షరాలకు ముసుగు వేసి జాతీయ జెండా కట్టారు. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, ఈ గొడవ సొంత ఊరికే వచ్చింది. బంజారాహిల్స్‌లో నిరసనలు, మే 10న శంషాబాద్ శాఖ బోర్డు ధ్వంసం. మాది హైదరాబాద్ బ్రాండే, తాతగారు విడిచి వచ్చిన ఊరి పేరది అని మనవలు లోకానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. పాకిస్తాన్‌లో ఉండలేక వచ్చినవాడి దుకాణాన్ని పాకిస్తాన్ మీద కోపంతో కొట్టారు. తెలివితక్కువతనమని నవ్వి ఊరుకోలేను, పెద్ద అధర్మమే అంటాను.

ఆ కోపం నాకు తెలియనిది కాదు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగిన ఊరు మాది. 2020 జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు అమరుడైనప్పుడు, చైనా సరుకు వద్దని మా గిరాకీలు అంటే సరేనన్నాను. వాళ్లకు ఇష్టం లేనిది వాళ్ల సంచిలో వేసే హక్కు నాకు లేదు. ఆ బేకరీ గొడవప్పుడు, రోజూ పాలకు వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు, “నేనా బిస్కట్లు మానేశానయ్యా” అన్నారు.

“మానెయ్యండి సార్. పక్కింటాయన తింటే?”

“చెప్తాను.”

“వినకుంటే?”

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. నా లెక్కలో ధర్మానికీ దౌర్జన్యానికీ మధ్య గీత అక్కడే ఉంది. నేను కొనను అనడం వ్రతం లాంటిది, నా నాలుక నేను కట్టేసుకుంటున్నాను. ఎవరూ కొనకూడదు అన్నప్పుడు అవతలివాడి మెడకు తాడు వేస్తున్నాను.

మరి విదేశీ వస్త్ర బహిష్కరణ మాటేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో మాట్లాడి వెళ్లినప్పటి నుంచీ స్వదేశీ మన ఇళ్లలోకి వచ్చింది. 1921లో గాంధీ విదేశీ బట్టలు తగలబెట్టిస్తే రవీంద్రుడు ఒప్పుకోలేదు. కట్టుకోను గుడ్డలేనివాళ్లున్న దేశంలో బట్టలు కాల్చే హక్కు మనకెక్కడిదని ఆయన వాదం. పేదవాడికి మన పాతబట్టలు కాదు, పని బాకీ ఉన్నామని గాంధీ జవాబు. నా మొగ్గు గాంధీ వైపే, అయితే ఆ మంటల వల్ల కాదు, పదేళ్ల తర్వాత ఆయన చేసిన పని వల్ల. 1931 సెప్టెంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు లాంకషైర్‌లోని డార్వెన్‌కు పోయి మిల్లు కార్మికులను కలిశాడు. మన బహిష్కరణ దెబ్బ కూడా తగిలి పనులు పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు. వాళ్ల ఎదుట కూర్చుని, మా ఊళ్లలో ఇంతకన్నా ఘోరమైన ఆకలి ఉందని చెప్పుకున్నాడు. వాళ్లు ఆదరంగా చుట్టూ మూగి ఫొటోలు దిగారు. మనం వద్దన్న సరుకు చేసినవాడి ముందుకు వెళ్లి, కళ్లలోకి చూసి కారణం చెప్పగలగాలి. బోర్డు పగలగొట్టి పరుగెత్తేవాడు అది చేయగలడా?

తులాధారుడి మిగతా కథ ఇప్పుడు చెప్పాలి. ఎవరినీ తెగడనన్నవాడే, ఎద్దులకు ముక్కులు కుట్టి మోయలేని బరువులు వేయడం పాపమన్నాడు. జంతుబలులున్న యజ్ఞాలనూ తప్పుబట్టాడు. ఆ కాలానికి అంతకన్నా చిచ్చు పెట్టే మాట ఏముంది? జాజలి భగ్గుమన్నాడు. తక్కెడ చేతపట్టుకుని నువ్వు చెప్పే ఈ ధర్మం జనానికి స్వర్గం తలుపూ మూసేస్తుంది, బతుకుతెరువూ మూసేస్తుంది, ఇది నాస్తికం అన్నాడు. సేద్యం లేకపోతే అందరూ తినేదేమిటని నిలదీశాడు. ఇంకో సంగతి, తులాధారుడు రకరకాల రసాలు అమ్మేవాడు కానీ కల్లూ సారా ముట్టుకునేవాడు కాదు. అంటే సమానమైన తక్కెడవాడికీ పక్షం ఉంది. ఏ సరుకు పెట్టాలో తన మనసును అడిగి తేల్చుకున్నాడు, ఎవరికి తూచాలన్నది మాత్రం మనసుకు వదల్లేదు. తిట్టిన జాజలిని దుకాణం దిగి పొమ్మనలేదు, తన మాట మింగనూ లేదు, వాదం సాగించాడు. కొద్దికాలానికి ఇద్దరూ స్వర్గానికి వెళ్లారని భీష్ముడు ముగిస్తాడు. ఓడిపోయిన గిరాకీని కూడా స్వర్గానికి పంపిన వ్యాసుడి పెద్దమనసు నాకు ముచ్చటేస్తుంది.

నా దుకాణంలో బీడీలు, సిగరెట్లు ఉండవు. అందుకని కాలేజీ పిల్లలు కొందరు పక్క దుకాణానికి పోతారు, వాళ్లతో పాటు బిస్కట్లు, చిప్స్ బేరమూ పోతుంది. పోనీ. అది నేను కట్టే ఖర్చు. కానీ సిగరెట్ తాగేవాడు ఉప్పు కోసం వస్తే కిలోకు కిలో ఇస్తాను, నాకు నచ్చని పార్టీ కండువా వేసుకొచ్చినవాడికీ అంతే.

కనుక మీకు ఏ కంపెనీ మాటైనా నచ్చకపోతే, ఆ సరుకు వద్దనండి. ఇరుగుపొరుగుకు కారణం చెప్పండి, కొనడం మానడం వాళ్లకు వదిలేయండి. ప్రతి ప్యాకెట్ మీదా ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు, చిరునామా అచ్చువేసి ఉంటాయి, తూనికలు కొలతల చట్టం ప్రకారం ఉండి తీరాలి. కోపమంతా అక్కడికి రాయండి. గల్లా దగ్గర నిలబడ్డ పిల్లనూ, బండి మీద అన్నం తెచ్చిన పిల్లవాణ్నీ వదిలేయండి, ఆ ప్రకటన వాళ్లు రాయలేదు.