కావలి కుక్కకు దిక్కెవరు?

మన వరంగల్లు పల్లెలలో రాత్రులు చేను కాచిన కుక్క, యజమానుడు ప్రభువునందు నిద్రించిన పిమ్మట ఎవరి వాకిట నిలువవలెను? బీదలుండగా కుక్కను గూర్చి చింతయేల అని కొందరందురు. అయితే దానిని మన చేతి ముద్దకు అలవాటు చేసినది మనమే గదా! నీనెవె పశువులను సహితము దేవుడు తలంచెనని యోనా 4:11 తెలుపుచున్నది.

2024లో మరణించిన రతన్ టాటా తన కుక్క టిటో పోషణకు వీలునామాలో ఏర్పాటు చేసెనని పత్రికలు వ్రాసినవి. మనకు అంత ధనము అక్కరలేదు. కుక్క పేర ఆస్తి వ్రాయ వీలులేదు గనుక, నమ్మకమైన పొరుగువానిని ముందే అడిగి, అతని పేర కొంత సొమ్ము వ్రాయుడి. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము ఇద్దరు సాక్షులుండవలెను. ఆ సొమ్ము పొందువాడుగాని అతని భార్యగాని సాక్షి అయినయెడల, ఆ సొమ్ము అతనికి చెందదు.

ఈ వారమే ఆ పొరుగువానితో మాటలాడుడి.