మోకాలెత్తు వెలుగు

గోదావరిఖనిలో ఒక బాపు, ఒక కొడుకు ఉన్నారు. బాపు ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గుబావిలో పని చేసి, చివరికి సర్దారుగా దిగిపోయాడు. ఆ దిక్కు రిటైరవడాన్ని దిగిపోవడమే అంటారు. రోజూ బావి దిగిన మనిషి ఒక రోజు సర్వీసు కూడా దిగిపోతాడు. కొడుకుది గోదావరి అవతల జైపూర్‌లో కొలువు. 2016లో సింగరేణి మొదలుపెట్టిన 1200 మెగావాట్ల కరెంటు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర పని. తెల్లవారకముందే కారు తీయాలి. గోదావరి బ్రిడ్జి దాటాలి. ఇందారం క్రాస్ రోడ్డు దగ్గర చెన్నూరు దిక్కు మళ్ళాలి.

చలికాలంలో ఆ దారి సంగతి ఆ దారిన పోయేవాళ్ళకే తెలుసు. నది మీంచి లేచిన మంచు ఒక్కటే అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. దానికి ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము తోడవుతుంది. టిప్పర్ల టైర్లు లేపే బొగ్గు మసి, వాకిళ్ళలో కుంపట్ల పొగ వచ్చి కలుస్తాయి. తెల్లగా ఉండాల్సిన మంచు బూడిద రంగుకు తిరుగుతుంది. దుమ్ము లేవకుండా రోడ్డు మీద చల్లిన నీళ్ళు మసితో కలిసి జారుడు పూతలా పరుచుకుంటాయి. డిసెంబరులో ఒక రోజు, వెనక లైటు లేకుండా ఆగి ఉన్న టిప్పరు ఒకటి కొడుకు కారు ముందు బారెడు దూరంలో తేలింది. బ్రేకు పట్టింది కాబట్టి సరిపోయింది. సాయంత్రమే అతను చౌరస్తాలో లైట్లమ్మే దుకాణానికి పోయాడు.

"అన్నా, పసుపు లైట్లు కావాలె. మంచును చీల్చుకుంట పోవాలె" అన్నాడు.

దుకాణదారు రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి అరచేయంత గాజు లైటు. అద్దం మీద నిలువు గీతలు, లోపల 55 వాట్ల హాలోజన్ బల్బు. వెలిగించి గోడ మీద కొడితే వెడల్పుగా చాప పరిచినట్టు పడింది, పైఅంచు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. రెండోది ఇటుకంత ఎల్‌ఈడీ. దాని వెలుగుకు అంచు లేదు. గోడ, కప్పు, దుకాణదారు మొహం, అన్నీ పచ్చబడ్డాయి. కొడుకు రెండోదే తీసుకున్నాడు.

బిగించడానికి పక్క సందులో ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతే ఆయన బంపరు కింద వంగి చోటు చూశాడు. "గీడ పెట్టాలె తమ్మీ, నేలకు దగ్గర" అన్నాడు.

"కిందైతె బురదైతది అన్నా. మీద జాలీకి బిగియ్యి. దూరం కొట్టాలె."

"రిలే వేసి వేరే వైరు గుంజుదునా? రేపటి దాక అయితది."

"రేపటి దాక ఎవలాగుతరు, హెడ్‌లైటు వైరుకే కలుపు."

కలిపాడు. ఆ రాత్రి మంచు లేదు. రోడ్డు చివరి చింతచెట్టు కొమ్మలు కూడా పసుపురంగులో లెక్కపెట్టేలా కనిపించాయి. వాడకట్టులో పిల్లలు వచ్చి చూశారు. కొడుకు కడుపునిండా సంతోషపడ్డాడు.

జనవరిలో చెన్నూరు దగ్గర చుట్టాలింట్లో దినాలు. బాపును ఎక్కించుకుని కొడుకు మబ్బుల్నే బయలుదేరాడు. బ్రిడ్జి మీదికి వచ్చేసరికి మంచు కమ్మేసింది. కొడుకు కొత్త లైట్ల మీట నొక్కాడు. ఎదురుగా పసుపు గోడ లేచి నిలబడింది. అప్పటిదాకా మసకగా కనిపిస్తున్న రెయిలింగు కూడా మాయమైంది. హై బీమ్ వేశాడు. గోడ ఇంకా దగ్గరికి జరిగింది.

"మెల్లగ రా" అన్నాడు బాపు.

బ్రిడ్జి దిగుతుండగా ఎదురుగా ఒక బైకు. మంకీ క్యాపు పెట్టుకున్న మనిషి, హ్యాండిలుకు టిఫిను. అతను ఒక చేత్తో కళ్ళు కప్పుకున్నాడు, బండి అటూ ఇటూ ఊగింది, కాలు కింద పెట్టి రోడ్డు దిగి మట్టిలో ఆగాడు. "లైటు దించు రా అయ్యా!" అన్న కేక ఒక్కటే అద్దం దాటి లోపలికి వచ్చింది.

బాపు వెనక్కి తిరిగి చూశాడు. మనిషి పడలేదు, మళ్ళీ బండి ఎక్కుతున్నాడు. "పక్కకు తీసి ఆపు" అన్నాడు కొడుకుతో. రోడ్డు పక్కన మూసి ఉన్న చాయ్ హోటలు ముందు చదునైన జాగా ఉంది. అక్కడ ఆపించి, లైట్లన్నీ తీయించి, డిక్కీలోంచి చేతి టార్చి తెమ్మన్నాడు.

టార్చిని నొసటికి ఆనించి వెలిగించాడు. "ఏం కనవడుతున్నది?"

"మంచే కనవడుతున్నది బాపూ."

అదే టార్చిని మోకాలి పక్కకు దించి, నేలకు సమంగా, ఇంచు కిందికి వంచి పట్టుకున్నాడు. మంచు అడుగున సన్నటి దారి తెరుచుకుంది. తారు అంచు కనిపించింది. అంచు పక్కన కంకర, కంకర మీద తడి, పది అడుగుల అవతల టిప్పరులోంచి జారిపడిన బొగ్గు పెళ్ళ కనిపించాయి. పెళ్ళ మీద మంచు చుక్కలు మెరుస్తున్నాయి. టార్చి అదే, బ్యాటరీ అదే.

"బాయిల టోపీ మీద లైటుంటది" అన్నాడు బాపు. "పేల్చినంక పొగ నిండుతది సూడు, గప్పుడు నెత్తి మీద లైటు పనికి రాదు. తీసి చేతిల పట్టి నడుము కిందికి దించుతుంటిమి. ఇంకొకటి. ఎదురుంగ మనిషొస్తే మెడ పక్కకు తిప్పాలె. వాని కండ్లల్ల లైటు కొట్టినవనుకో, వాడు గుడ్డోడైతడు. గుడ్డోడైనోడు ఏడ కాలు వెడ్తడో ఎవలకెరుక? బాయి దిగిన పిల్లగానికి మొదాలు నేర్పేది గదే."

కొడుకు ఏమీ మాట్లాడలేదు. తిరిగి బయలుదేరినప్పుడు లో బీమ్ ఒక్కటే పెట్టాడు. ఎడమ అంచు తెల్లగీత చూసుకుంటూ నెమ్మదిగా పోయాడు.

వారం తిరక్కుండా అదే ఎలక్ట్రీషియన్ ముందు కారు ఆగింది. ఎల్‌ఈడీ ఇటుకలు ఊడదీస్తుంటే అతుకు దగ్గర చుట్టిన టేపు మెత్తబడి వేలికి అంటుకుంది. హెడ్‌లైటు కోసం వేసిన సన్న వైరు అంత బరువు మోయలేక వేడెక్కింది. ఈసారి గాజు లైట్లు వచ్చాయి, పసుపువే. రెండూ కలిపి 110 వాట్లు, 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్లకు పైనే లాగుతాయి. ఆ కరెంటు మీటలోంచి పోకూడదు. బ్యాటరీ నుంచి లావు వైరు బయలుదేరింది. బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టారు. తర్వాత రిలే, అంటే మీట మాట విని లైట్లకు కరెంటు వదిలే డబ్బా. దాని అడుగున అంకెలుంటాయి: 30లోకి బ్యాటరీ, 87 నుంచి లైట్లకు, 86కు మీట, 85 బాడీకి ఎర్తు. మీట నొక్కితే రిలే లోపల టిక్కుమంటుంది. ఎలక్ట్రీషియన్ ఆ టిక్కు వినడానికి చెవి దగ్గరగా పెట్టాడు. లైట్లు బంపరు అడుగున, మోకాలికంటే కిందికి వచ్చాయి.

ఇంటికొచ్చాక ప్రహరీ గోడ పని. టైర్లలో గాలి సరిచూశారు. బండికి ఉండే రోజువారీ బరువు ఉండాలని బాపు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. చదునైన నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలిపి, లైటు నడిమధ్య నేలకు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, అదే ఎత్తులో గోడ మీద సుద్దతో ఒక గీత గీశారు. దానికి నాలుగు అంగుళాలు కింద ఇంకో గీత. చీకటి పడ్డాక లైట్లు వేసి, వెనక మర తిప్పుతూ వెలుగు పైఅంచును కింది గీత మీదికి దించారు. ఒక లైటు మొండికేసింది. దాని బిగింపు పట్టీని కాస్త వంచాల్సి వచ్చింది. చివర బాపు దిగి, కారు ముందు ఎనిమిది మీటర్ల దూరంలో నిలబడి, లైట్ల వైపు చూశాడు. కళ్ళు చిట్లించలేదు.

ఆ తర్వాత మంచు పట్టిన రోజు కొడుకు గంటకు 30 కిలోమీటర్ల మీద పోయాడు. రోడ్డు అంచు, తెల్లగీత కనిపించాయి. అంతకు మించి కనిపించలేదు. డ్యూటీకి పావుగంట ఆలస్యంగా చేరాడు.

నీతి

మంచులో దారి చూపేది లైటు బలం కాదు, అది ఉండే చోటు. ఎదుటివాడి కన్ను కాపాడని వెలుగు మనకూ దారి చూపదు. కథ చెప్పిన నీతి ఇదే. ఇది మంచి మాట కోసం అన్నది కాదు, ఉన్న సంగతే ఇది. ఎందుకో చెప్తాను.

పసుపు రంగు మంచును చీలుస్తుందని మనందరం చిన్నప్పటి నుంచి వింటున్నాం. మంచు బిందువు పది, ఇరవై మైక్రాన్ల వరకు ఉంటుంది. కంటికి కనిపించే వెలుగు అల పొడవు మైక్రానులో సగం అటూ ఇటూ. అలకంటే బిందువు అంత పెద్దదైనప్పుడు నీలం, పసుపు, ఎరుపు, అన్నీ ఇంచుమించు ఒకేలా చెదిరిపోతాయి. ఆకాశం నీలంగా కనిపించడానికి చెప్పే కారణాన్ని తెచ్చి మంచుకు అంటగట్టడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. అయితే పసుపులో మేలు లేదా అంటే ఉంది. నీలం, ఊదా కలిసిన వెలుగు కంటిని ఎక్కువ గుచ్చుతుంది. వాటిని వడగట్టిన పసుపు వెలుగు తిరిగొచ్చి కంట్లో పడ్డా అంతగా బాధించదు. ఫ్రాన్సు 1936లో చట్టం చేసి కార్ల హెడ్‌లైట్లన్నీ పసుపు చేసింది, 1993 దాకా అలాగే నడిపింది. కాబట్టి పసుపు కొనండి, తప్పు లేదు. కానీ అది కంటికి ఇచ్చే ఊరట మాత్రమే. దారి చూపే పని లైటు ఎత్తుది, పైఅంచుది.

మన కంటికీ రోడ్డుకూ మధ్య ఉన్న మంచును వెలిగిస్తే, వెలిగేది మంచే. లైటు కంటికి దగ్గరగా, ఎత్తుగా ఉన్నకొద్దీ ఆ వెలిగిన తెర మందమవుతుంది. హై బీమ్ చేసే అపకారం అదే. నేలకు దగ్గరగా, వెడల్పుగా, పైకి పోకుండా కోసిన వెలుగు ఆ తెర అడుగు నుంచి దూరి రోడ్డును తాకుతుంది. అందుకే కొనేటప్పుడు డబ్బా మీద రాసిన వాట్లు చూడకండి. గోడ మీద వెలిగించమని అడగండి. పైఅంచు తిన్నటి అడ్డగీతలా తెగకపోతే ఎంత చవకైనా వదిలేయండి. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరు గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం కూడా నాకు సమ్మతం కాదు. గిన్నె వంపును హాలోజన్ బల్బు తీగ ఉన్న చోటును బట్టి లెక్కగట్టి చేస్తారు. వెలుగు పుట్టే చోటు మారితే అంచు చెదిరి ఎదుటివాడి కంట్లో పడుతుంది.

ఎంత మంచి ఫాగ్ లైటైనా కారు ఆగే దూరాన్ని తగ్గించదు. గంటకు 60 కిలోమీటర్ల మీద, ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి పోయేలోపే పాతిక మీటర్లు గడిచిపోతాయి. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో ఇరవై. మసి పూత మీద ఇంకా ఎక్కువే. పసుపు లైటు చూపేది పదిహేను, ఇరవై మీటర్లయితే ఆ వేగానికి అది ఏ మూలకు? కొత్త లైట్లు పెట్టుకున్న ధైర్యంతో వేగం పెంచేవాళ్ళను చూస్తే నాకు భయం. కథలో కొడుకు పావుగంట ఆలస్యంగా చేరాడు కదా, కథలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ పావుగంటే.

బాపు ఎనిమిది మీటర్ల దూరంలోనే ఎందుకు నిలబడ్డాడో చెప్పాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ముందు లైట్ల గురించి చెప్తుంది. వెలుగు శాశ్వతంగా కిందికి వంగి ఉండాలి, లేదా డ్రైవరు కిందికి దించగలిగేలా ఉండాలి. లైటుకు ఎనిమిది మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉన్న కన్నును అది మిరుమిట్లు గొలపకూడదు. బావిలో మెడ పక్కకు తిప్పమని పిల్లగాడికి నేర్పిన మాటే ఇక్కడ మీటర్లలో రాశారు.

ఆ ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉండే కన్ను ఎవరిదో మన దారిలో కళ్ళారా చూడొచ్చు. పొద్దున ఏడింటికి బావుల్లో రాత్రి షిఫ్టు వదులుతారు. ఎనిమిది గంటలు చీకట్లో పనిచేసి వచ్చిన కళ్ళతో, నెత్తికి మంకీ క్యాపు, హ్యాండిలుకు ఖాళీ టిఫినుతో వాళ్ళు బైకుల మీద వరసగా ఇంటి ముఖం పడతారు. మంచు అప్పుడే చిక్కగా ఉంటుంది. బైకు మీద కూర్చున్న మనిషి కన్ను సుమారుగా ఆ ఎత్తులోనే ఉంటుంది.